ఒక్క గుండ్రం చాలదు

మా వీధి చివర పచ్చ తలుపుల పొడవాటి గది ఒకటుంది. అందులో భూమిని తయారుచేస్తారు. వేళాకోళం కాదు, బడుల్లో పిల్లలు వేలితో గిర్రున తిప్పే గ్లోబులు ఆ గదిలోంచే బయలుదేరతాయి. ఆ గదికీ మా వంటింటికీ మధ్య ఒకటే గోడ. అటు ఎవరైనా దగ్గితే ఇటు నేను తలెత్తుతాను. అంత దగ్గరుండి లోపల ఏం జరుగుతోందో చూడకుండా ఉండటం నా వల్ల కాదు. అబద్ధమెందుకు, వారానికి మూడుసార్లయినా ఏదో ఒక సాకుతో ఆ గడప దాటుతుంటాను. నన్ను వెళ్ళగొట్టడం మానేసి చాలా కాలమైంది వాళ్ళు.

కిటికీ పక్క బల్ల గ్లోబక్కది. చిన్నా పెద్దా అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. యాభై దాటింది. సన్నటి మనిషి, మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. ఇరవై రెండేళ్ళుగా ఆ బల్ల దగ్గరే కూర్చుని బంతుల మీద దేశాలు అతికిస్తోంది. కూతురికి పెళ్ళై వేరే ఊరు వెళ్ళాక, ఇంట్లో కన్నా ఆ కిటికీ దగ్గరే ఎక్కువ ఉంటుంది. మధ్యాహ్నం అన్నం కూడా అక్కడే తింటుంది, బల్లకి కాస్త ఎడంగా జరిగి, మెతుకు పడకుండా.

ఆమె పని గురించి కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

చిప్పల మామయ్య అని అరవై ఏళ్ళాయన వెనక గదిలో ఉంటాడు. కాగితపు గుజ్జును అచ్చులో అదిమి, ఆరబెట్టి, కొబ్బరి చిప్పల్లాంటి రెండు సగాలు తీస్తాడు. ఆ చిప్పలు రెండూ కలిపి అతికి, పైన తెల్లపూత పూసి నున్నగా రుద్దితే బంతి తయారు. అది గ్లోబక్క బల్ల మీదికి వస్తుంది. దానిమీద అతికించాల్సిన కాగితం పన్నెండు ముక్కలుగా ఉంటుంది. ఒక్కో ముక్క నడుం దగ్గర వెడల్పు, పైకీ కిందికీ పోనుపోను సన్నబడి సూదిమొన. వాటిని తొనలు అంటారు. బత్తాయి తొక్కను నిలువుగా గీతలు పెట్టి ఒలిచి బల్ల మీద పరిచి చూడండి, అచ్చం అలాగే ఉంటాయి.

"ఈ ముక్కల గోల దేనికే, ఒకే కాగితం తీసుకుని బంతికి చుట్టేస్తే పోలా?" అని అడిగానొకసారి, మొదట్లో.

ఆమె ఒక కాగితం, ఒక బంతి నా ముందు పెట్టింది. "చుట్టండి పెద్దమ్మా, చూద్దాం."

చుట్టాను. ఇటు సర్దితే అటు ముడత. అటు లాగితే ఇటు చిరుగు. చివరికి అది బంతిలా కాదు, హడావుడిలో కట్టిన మూటలా తయారైంది. "బల్లపరుపు కాగితం బంతి మీద ఎప్పటికీ ఒద్దిగ్గా కూర్చోదు" అంది ఆమె. అందుకే తొనలు. జిగురు రాసి, తడిగా ఉండగానే ఒక్కో తొననీ బంతి మీద పరిచి, బొటనవేలితో నడుం నుంచి పైకొసకీ, నడుం నుంచి కిందికొసకీ నిమిరేది. ఆ నిమరడం చూడాలి. నిద్రపోతున్న పసిదాని నుదురు మీద వెంట్రుకలు సర్దినట్టుండేది. పన్నెండు తొనలూ అయ్యేసరికి పైన పన్నెండు మొనలూ ఒకే చుక్కలో కలిసేవి. కింద కూడా అంతే.

అలాంటిది, మొన్న వానాకాలం చివర్లో ఆ మొనలు కలవడం మానేశాయి.

కొత్త కాగితం వచ్చిన వారంలో జరిగిందిది. పాతది కాస్త దళసరిగా, నీళ్ళు తాగే రకం. కొత్తది పల్చగా, నున్నగా, మెరుస్తూ ఉంది, రంగులు కళ్ళు చెదిరేలా ఉన్నాయి. గ్లోబక్క ఎప్పటిలాగే అతికింది. తీరా చూస్తే పైకొసన మిరియపు గింజ పట్టేంత కన్నం. తొనలన్నీ కాస్త పైకి జరిపి ఇంకో బంతి చేసింది. పైన మూసుకుంది, కింద రెట్టింపు తెరుచుకుంది. పొట్టి దుప్పటితో పడుకున్నవాడి అవస్థ. ముసుగు తన్నితే కాళ్ళు బయట, కాళ్ళు కప్పితే తల బయట.

యజమాని చూశాడు. ముప్పై అయిదేళ్ళవాడు, మర్యాదస్తుడే. వాళ్ళ నాన్న కాలం నుంచీ ఆమె ఉంది కాబట్టి అక్కా అనే పిలుస్తాడు. నేనప్పుడు వాళ్ళ గోడకి మేకు ఎందుకు కొట్టారో అడగడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను.

"ఇదేంటక్కా, కొసన కన్నం?"

"తొన పొట్టిగా ఉంది బాబూ."

"పొట్టిగా ఎలా ఉంటుంది? బంతి అడ్డం ముప్పై సెంటీమీటర్లని కొలత నేనే ఇచ్చాను. ప్రెస్సువాళ్ళు కంప్యూటర్లో లెక్కగట్టి మరీ వేశారు. వెంట్రుకవాసి తేడా ఉండదన్నారు."

"మరి బంతి సరిగా ఉందా?"

గోడకి ఒక ఇనప కడియం వేలాడుతుంటుంది. బంతులు సరిచూడటానికి దాన్ని పెట్టారు. యజమాని దాన్ని దించి, బల్లమీది బంతికి పైనుంచి తొడిగాడు. సరిగ్గా నడుం మీదికి వచ్చి ఆగింది. చీమ దూరే సందు లేదు. చుట్టూ తిప్పి చూపించాడు. తర్వాత ఇంకో బంతి, ఇంకోటి. అన్నిటికీ కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

"కాగితం సరిగ్గానే ఉంది, బంతీ సరిగ్గానే ఉంది" అన్నాడు. మూడో మాట అనలేదు. చూపు మాత్రం వెళ్ళి ఆమె వేళ్ళ మీద వాలింది. ఆమె చేతులు బల్ల కిందికి దించుకుంది.

తర్వాత అతనే మెల్లగా అన్నాడు. "బడులకి పంపాల్సినవి పదిహేను రోజుల్లో వెళ్ళాలక్కా. నాలుగు రోజులు చూద్దాం. కుదరకపోతే మీరు పెట్టెలు కట్టే బల్లకి మారండి. తేలిక పని. ఈ వయసులో మీకూ సుఖంగా ఉంటుంది."

సుఖమట. ఇరవై రెండేళ్ళ చోటు లాగేసుకుంటూ ఇచ్చే సుఖం! నాకు నోటిదాకా వచ్చింది గానీ, ఆమె మొహం చూసి మింగేశాను.

ఆ సాయంత్రం పాడైన బంతినొకదాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని మా ఇంటికొచ్చింది. అంతకు ముందు పిలిచినా రాని మనిషి. టీ ఇస్తే తాగలేదు. కుడిచెయ్యి చాపింది.

"పెద్దమ్మా, నిజం చెప్పండి. వణుకుతోందా?"

చూశాను. అబద్ధమాడి ఓదార్చే మనిషిని కాను. "సన్నగా వణుకుతోంది" అన్నాను. "గాలికి దారం కదిలినట్టు."

"నాకూ అలాగే అనిపిస్తోంది. కొన్నేళ్ళుగా కొస దగ్గర ఎక్కువ నిమరాల్సొస్తోంది. ముందు ఒక్క నిమురుతో కూర్చునేది. ఇప్పుడు మూడు, నాలుగు. వయసనుకున్నాను. ఆ బాబు అన్నదాంట్లో తప్పేముంది?" అని బంతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తనే ఒప్పేసుకుంది. అందుకే నాకు ఒళ్ళు మండింది. ఒక మనిషి ఎదుటివాడి అనుమానాన్ని తెచ్చి తన ఒళ్ళో పెట్టుకుని జోకొట్టడమేమిటి!

ఏం చెప్పాలో తెలియనప్పుడు నేను ప్రశ్నలు వేస్తాను. అది నా జబ్బు.

"అది సరే గానీ, అసలు బంతి అంటే ఏంటే?"

"అదేం ప్రశ్న? గుండ్రంగా ఉండేది."

"పళ్ళెం గుండ్రమే. గాజు గుండ్రమే. బిందె నడుం గుండ్రమే. వీటిలో ఏదీ బంతి కాదుగా?"

ఆమె పదో తరగతి చదివింది. చిన్నప్పుడు బట్టీపట్టింది అప్పజెప్పింది. "లోపల ఒక కేంద్రం ఉంటుంది. ఆ కేంద్రం నుంచి పైభాగం మీద ప్రతి చుక్కా సమాన దూరంలో ఉంటే, అది గోళం."

"బావుంది. మరి ఆ కేంద్రం దగ్గరికి ఎవరెళ్ళారు? లోపల దూరి టేపు పెట్టి కొలిచొచ్చారా మీ మామయ్య?"

"మీతో వేగడం కష్టం పెద్దమ్మా" అంది. పెదవి చివర కొద్దిగా కదిలింది. నవ్వే.

"వేగకు. చెప్పు. లోపలికి వెళ్ళలేం కదా, మరి బయట నిలబడి ఇది బంతేనని ఎలా తెలుస్తుంది?"

"కడియం పెట్టి చూస్తాంగా."

"అలాంటి కడియమే మా గచ్చుబల్ల మీదున్న ఆ పొడవాటి దోసకాయకి పట్టేది తెస్తాను, నడుం మీద సరిపోతుంది. దోసకాయ బంతా?"

గ్లోబక్క తల వంచింది. ఒళ్ళో బంతిని చూసింది. దోసకాయని చూసింది. తర్వాత మెల్లగా, తనలో తను చెప్పుకున్నట్టు మొదలుపెట్టింది.

"దోసకాయని అడ్డంగా కోస్తే గుండ్రటి చక్రం వస్తుంది. నిలువుగా కోస్తే రాదు, కోలగా వస్తుంది. బత్తాయిని ఎటు కొయ్యండి, అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా, అంచు దగ్గర చిన్న ముక్క, మధ్యలో పెద్ద ముక్క, ఎటు కోసినా ఆ కోసిన చోటు గుండ్రమే. అదీ బంతంటే. ఒక గుండ్రం కాదు పెద్దమ్మా. ఎటు చూసినా గుండ్రం. ఎన్నని లెక్కపెట్టలేనన్ని."

"అయితే కొయ్యి దీన్ని."

"కొయ్యక్కర్లేదు." లేచి నిలబడింది. "ఎక్కడ కోసినా గుండ్రమే అయితే, గుండ్రటి అంచున్న దేన్నయినా దాని మీద ఎక్కడ బోర్లించినా అతుక్కున్నట్టు కూర్చోవాలి. సందు ఉండకూడదు. అంచు సరిగా ఉన్న గిన్నె ఉందా మీ దగ్గర?"

గిన్నెలకి కరువా! తోమి బోర్లించినవాటిలోంచి ఏరి, అంచు నొక్కుపడని చిన్న స్టీలు గిన్నె ఒకటి తీసుకుంది. ముందు మా అద్దంలాంటి గచ్చుబల్ల మీద బోర్లించి, అంచు సమంగా ఉందని చూసుకుంది. బంతిని చెంబు మూతి మీద కూర్చోబెట్టింది. పైకొస మీద గిన్నె బోర్లించింది. పిడికిలి మూసినట్టు కూర్చుంది. కొసకీ నడుముకీ మధ్య, బుగ్గ మీదికి జరిపింది. కూర్చుంది. బంతిని పడుకోబెట్టి నడుం మీద, ఆ అతుకు పైన పెట్టింది.

టకటక.

గిన్నె ఊగింది. ఒక అంచు నొక్కితే రెండోది లేచింది. ఆమె వంగి, కిటికీ వెలుతురుకి ఎదురుగా పెట్టి చూసింది. గిన్నె అంచుకీ బంతికీ మధ్య రెండు పక్కలా గీతల్లా వెలుతురు.

"ఏదీ, నన్ను పెట్టనీ" అని లాక్కున్నాను. నడుం చుట్టూ పది చోట్ల పెట్టి చూశాను. పది చోట్లా టకటకే. కొసల మీద పెడితే కిక్కురుమనలేదు.

తర్వాత ఆమె దారం అడిగింది. నడుం చుట్టూ చుట్టి, సరిగ్గా కలిసిన చోట తెంపింది. ఆ దారాన్నే పైకొస మీంచి కిందికొస మీంచి నిలువుగా చుట్టింది. కొసలు కలవలేదు. మధ్యలో వేలు పట్టేంత ఖాళీ.

"నిలువునా పొడుగుంది" అంది గ్లోబక్క. "దోసకాయంత కాదు. కానీ ఇది బంతి కాదు."

గంతులేస్తుందనుకున్నాను. ఆమె మాత్రం కూర్చుండిపోయింది. చల్లారిపోయిన టీ తీసుకుని ఒక్క గుక్కలో తాగింది. "ఇదొక్కటే ఇలా ఉందేమో. రేపు అన్నీ చూడాలి" అంది.

మర్నాడు పొద్దున్నే ఆ గిన్నె పట్టుకుని వెళ్ళింది. నా గిన్నె కాబట్టి వెనకే నేనూ వెళ్ళాను. పూత పూసి ఆరబెట్టిన బంతులు పదిహేడున్నాయి. ఒక్కోదాని మీదా పెట్టి చూస్తోంది. టకటక, టకటక. ఆ చప్పుడుకి వెనక గదిలోంచి చిప్పల మామయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏంటమ్మాయ్, వంట మొదలెట్టావా?"

ఆమె చెప్పింది. ఆయన మొహం ఎర్రబడింది.

"నలభై ఏళ్ళుగా చిప్పలు తీస్తున్నాను. నువ్వు నిమ్మకాయంత గిన్నె పట్టుకొచ్చి నాకు బంతి నేర్పుతావా? చెయ్యి నిలవక అతుకు కుదరకపోతే కుదరలేదని చెప్పు. నా బంతుల మీద పడకు."

ఆ మాట ఆమెకి ఎక్కడ తగిలిందో నాకు కనిపించింది. నేను నోరు తెరవబోతే నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. గిన్నె ఆయన చేతికిచ్చింది.

"నా చెయ్యి వద్దు మామయ్యా. మీరే పెట్టండి. ఏ బంతి మీద పెడతారో, ఎక్కడ పెడతారో మీ ఇష్టం."

ఆయన విసురుగా తీసుకుని ఒక బంతి నడుం మీద బోర్లించాడు. ఊగింది. గిన్నె తిరగేసి అంచు తడిమాడు. ఇంకో బంతి. ఊగింది. మూడోదాని మీద పెట్టి, గిన్నె మీద అరచెయ్యి ఆనించి అలా నిలబడిపోయాడు. ఆ చెయ్యి ఎంత నెమ్మదిగా నొక్కినా గిన్నె ఇటూ అటూ తల ఊపుతూనే ఉంది.

ఈలోగా యజమాని వచ్చాడు. అతనికి ఎవరూ ఏమీ చెప్పకముందే చిప్పల మామయ్య నోరు విప్పాడు. "పట్టీ" అన్నాడు. "నేను వేసే పట్టీ."

ఎనిమిదేళ్ళ కిందట రెండు బడుల నుంచి గ్లోబులు తిరిగొచ్చాయట, నడుం దగ్గర అతుకు విడిపోయి. అప్పట్నుంచీ రెండు చిప్పల మధ్య గుజ్జుతో సన్నటి పట్టీ వేసి కలుపుతున్నాడు. అతుకు మళ్ళీ విడిపోలేదు. "గట్టిగా ఉండాలని మంచికే చేశాను. కడియం పట్టిందిగా, ఇంకేం అనుకున్నాను."

"కడియం ఎప్పుడూ నడుం దగ్గరే కదా చూసింది మామయ్యా" అంది గ్లోబక్క. "అక్కడ గుండ్రమే. మన ముగ్గురం ఒక్క గుండ్రం చూసి బంతి అనుకున్నాం."

యజమాని తల గోక్కున్నాడు. "మరి ఈ ఎనిమిదేళ్ళూ ఎలా కుదిరాయక్కా తొనలు?"

ఆమె పాత కాగితం ముక్క ఒకటి వెతికి తీసి, తడిపి, బొటనవేలితో నిమిరింది. అది కొద్దికొద్దిగా సాగింది. కొత్త ముక్క తడిపి నిమిరింది. బెట్టుగా అలాగే ఉంది.

"పాతది సాగేది బాబూ. పట్టీ ఎంత పెరిగిందో అంతా నేను లాగి సరిపెట్టాను. లాగుతున్నానని నాకే తెలీదు. నా వేలికి తెలుసేమో."

"అంతేనా!" అతని మొహం వికసించింది. "అయితే పాత కాగితమే తెప్పిద్దాం. మీ చోటు మీకుంటుంది, మామయ్య పని మామయ్యకుంటుంది. గొడవే లేదు."

చిప్పల మామయ్య ఆశగా ఆమె వైపు చూశాడు. నిజానికి అంతకన్నా సులువైన దారి లేదు. ఆమె తలూపితే చాలు, కిటికీ పక్క బల్ల ఆమెదే. నేనైతే తలూపేదాన్ని. ఆమె మాత్రం తడి కాగితం ముక్కని బల్ల మీద పరిచి దానివైపే చూస్తూ అంది.

"కాగితం సాగితే దాని మీద ఉన్న ఊళ్ళూ సాగుతాయి బాబూ. కొసల దగ్గర దేశాలన్నీ ఉన్నదానికన్నా పొడుగయ్యాయి. పిల్లలు వాటినే చూసి నేర్చుకున్నారు. తెలియక చేశాను సరే. తెలిసి ఎలా చెయ్యను?"

చిప్పల మామయ్య గిన్నె బల్ల మీద పెట్టి వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. కోపం వచ్చిందనుకున్నాం. కాసేపటికి చిప్పల మీద కత్తి గీరుతున్న చప్పుడు వినిపించింది.

మూడు రోజులు తంటాలు పడ్డాడాయన. పట్టీ మధ్యలో కాకుండా, లోపలి వైపు గుడ్డ అతికించి చిప్పల్ని అంచుకి అంచు కలిపాడు. మొదటిది విడిపోయింది. రెండోదానికి గుడ్డ ముడతపడింది. మూడోది ఆరాక ఎత్తి నేల మీద పడేశాడు, కావాలనే. విడిపోలేదు. పూత పూసి, రుద్ది, బంతిని ఆయనే స్వయంగా కిటికీ బల్ల మీదికి తెచ్చాడు. ఆమె గిన్నె తీసుకోబోతే, "నేను చూశాలే, యాభై చోట్ల పెట్టి చూశాను" అని గొణిగాడు. అయినా ఆమె చూసింది. కొసన, బుగ్గ మీద, నడుం మీద. గిన్నె ఎక్కడా ఉలకలేదు, పలకలేదు.

తర్వాత తొనలు. నేనక్కడే స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఒకటి, రెండు, మూడు. ఆమె వేళ్ళు నిజంగానే సన్నగా వణుకుతున్నాయి. తొనని బంతికి ఆనించేముందు ఒక్క క్షణం ఆగి, ఊపిరి బిగబట్టి, ఆ వణుకు సద్దుమణిగాక ఆనించేది. అందుకే ముందుకన్నా ఆలస్యం. పన్నెండోది అయ్యేసరికి గంట దాటింది. పైకొసన పన్నెండు మొనలూ ఒక చుక్కలో కలిశాయి. కింద కూడా. ఆమె ఎక్కడా లాగలేదు, నిమిరింది ఒక్కసారే.

యజమాని బంతిని రెండు చేతుల్లో తిప్పి తిప్పి చూశాడు. "నాదే పొరపాటక్కా. మీ చోటుకి ఢోకా లేదు, ఇక్కడే కూర్చోండి. ఎప్పటిలాగే రోజుకి పది."

"పది కాదు బాబూ, ఆరు" అంది గ్లోబక్క.

అతను తలెత్తాడు.

"కన్నం నా చేతి వల్ల రాలేదు. అది తేలిపోయింది. కానీ చెయ్యి వణుకుతున్న మాట నిజం. మీరు చూసింది కూడా నిజమే. ఆగి ఆగి చెయ్యాలి. ఆరు చేస్తాను. ఆ ఆరూ ఇలాగే ఉంటాయి."

గెలిచిన రోజున ఎవరైనా తమ లోపాన్ని తామే తీసి బల్ల మీద పెడతారా? వెర్రిబాగుల్ది అనుకున్నాను ఒక్క నిమిషం. ఆ తర్వాత అనుకోలేదు. చేతులు బల్ల కింద దాచుకోకుండా పైనే పెట్టుకుని ఉంది, అందరికీ కనబడేలా.

"ఆరైతే బడులకి సమయానికి పంపలేమక్కా" అన్నాడు యజమాని, కష్టంగా.

"ఆ నాలుగూ నేను చేస్తా" అన్నాడు చిప్పల మామయ్య వెనకనుంచి. "మధ్యాహ్నాలు నా చిప్పలు ఆరుతుంటాయి. నేను ఊరికే కూర్చుని బీడీ కాలుస్తున్నాను. ఎనిమిదేళ్ళు నా బంతుల్ని మోసిందిగా ఈవిడ. నేర్పుతావా అమ్మాయ్?"

"నలభై ఏళ్ళ మేస్త్రికి నేను నేర్పడమా?" అంది. ఈసారి నవ్వు స్పష్టంగా కనిపించింది.

"దెప్పకు. నేర్పు."

ఇప్పుడు మీరు మధ్యాహ్నం మూడింటప్పుడు ఆ పచ్చ తలుపుల్లోంచి తొంగిచూస్తే, కిటికీ దగ్గర రెండు స్టూళ్ళు కనిపిస్తాయి. మోచేతుల దాకా జిగురు పూసుకున్న పెద్దాయన నాలుక కొరుక్కుంటూ తొన పరుస్తుంటాడు. పక్కనుంచి ఆమె తన పని ఆపకుండానే, అటు చూడకుండానే చెబుతూ ఉంటుంది.

"లాగకండి మామయ్యా. బంతి సరిగ్గానే ఉంది. దాని దారిన దాన్ని పోనివ్వండి."